పిల్లల చేతుల్లో పుట్టినరోజు

పుట్టినరోజు దగ్గర పడుతోందంటే ఇంట్లో మొదట వినిపించే మాట "డెకరేషన్ ఏం పెడదాం?" అని. దాని వెనకే కేకు ఎన్ని కిలోలు, ఎంతమందిని పిలవాలి, రిటర్న్ గిఫ్ట్ ఏమివ్వాలి అన్న లెక్కలు మొదలవుతాయి. ఇవన్నీ తేల్చుకోవాల్సినవే. కానీ వీటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: వచ్చిన పిల్లలు ఆ రెండు గంటలూ ఏం చేస్తారు?

ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్న మీదే నిలబడింది. ఏడేళ్ళలోపు పిల్లలకు చూడటంలో కంటే చెయ్యడంలో ఆనందం ఎక్కువ. గోడకు కట్టిన బెలూన్ల తోరణాన్ని ఒక నిమిషం చూస్తారు. రెండో నిమిషంలో చెయ్యి చాపుతారు. "ముట్టుకోకు నాన్నా, పాడైపోతుంది" అని మనం వెనక్కి లాగుతాం. ఎవరి పండుగో వాళ్ళే ముట్టుకోకూడని వస్తువు ఆ ఇంట్లో ఎందుకు ఉండాలి?

కాబట్టి కొనబోయే, కట్టబోయే ప్రతిదానికీ ఒక పరీక్ష పెట్టండి. దీన్ని పిల్లలు ముట్టుకోవచ్చా? దీంతో ఏదైనా చెయ్యవచ్చా? రెండింటికీ "లేదు" అన్నదే జవాబైతే దాన్ని జాబితాలోంచి కొట్టేయండి. ఖర్చు తగ్గుతుంది, శ్రమ తగ్గుతుంది, పండుగ పెరుగుతుంది.

థీమ్ మనకు కొత్తదేమీ కాదు

థీమ్ పార్టీ బయటి నుంచి వచ్చిన ఆడంబరమని కొందరు పెద్దవాళ్ళు అనుకుంటారు. భోగినాటి సాయంత్రాన్ని గుర్తు చేసుకోండి. పసిపిల్లల్ని పీటమీద కూర్చోబెట్టి రేగుపళ్ళు, చెరుకుముక్కలు, పూలరేకులు, చిల్లర నాణేలు కలిపి తలమీద పోస్తాం. అవి నేలమీద దొర్లగానే మిగతా పిల్లలంతా ఏరుకోవడానికి ఎగబడతారు. పేరంటానికి వచ్చినవాళ్ళకు శనగలు, పళ్ళు ఇచ్చి పంపుతాం. ఒక్క రేగుపండు చుట్టూ వేడుక, ఆట, తిండి, ఇంటికి పట్టుకెళ్ళే కానుక అన్నీ అల్లుకున్నాయి.

బొమ్మల కొలువూ అంతే. కొన్నిళ్ళలో దసరాకు, కొన్నిళ్ళలో సంక్రాంతికి మెట్లు కట్టి పల్లెటూరు, పెళ్ళి ఊరేగింపు, తోట అంటూ ఒక్కో దృశ్యం పేర్చుతారు. తోట కోసం పిల్లలే ముందుగా చిన్న పళ్ళెంలో ఆవాలో రాగులో చల్లి మొలకలు పెంచుతారు. మంచి థీమ్ పార్టీకి కావలసినవన్నీ అందులో ఉన్నాయి. ఒకే ఊహ, దాని చుట్టూ పిల్లల చేతిపని, ఇంట్లో దొరికే సామాను. మనం చేయాల్సిందల్లా ఆ పద్ధతిని పుట్టినరోజుకు తెచ్చుకోవడమే.

మొదటి మెట్టు: థీమ్‌ను పిల్లల ఆటలోంచి తీసుకోండి

థీమ్ కోసం ఫోన్ తెరవకండి. మూడు రోజులు మీ పిల్లల ఆట గమనించండి. ఏ బొమ్మతో ఆడుతున్నారన్నది ఒక్కటే చూస్తే చాలదు, దాంతో ఏ పని చేస్తున్నారో చూడండి. కుర్చీలు వరుసగా పేర్చి టికెట్లు చింపుతున్నాడా? గిన్నెలన్నీ ముందేసుకుని వంట చేస్తోందా? దుప్పటి కట్టుకుని మంచం మీంచి దూకుతున్నాడా? చీమల బారు వెంట గంటసేపు తిరుగుతోందా? మీకు కావలసిన థీమ్ అక్కడే ఉంది.

కార్టూన్ హీరోనే కావాలని పట్టుబడితే కాదనకండి. "వాడు చేసే పనుల్లో నీకు ఏది ఇష్టం?" అని అడగండి. ఎగరడం అంటే ఎగిరే ఆటలు, కాపాడటం అంటే దాచిన బొమ్మల్ని వెతికి కాపాడే ఆటలు తయారవుతాయి. హీరో బొమ్మ గోడమీద ఉంటే అది అలంకారం. హీరో చేసే పని పిల్లలు చేస్తే అది థీమ్.

వయసును బట్టి కొలత మారుతుంది.

- మొదటి పుట్టినరోజు: ఇది పెద్దల పండుగ. తలంటు, కొత్తబట్టలు, హారతి, అక్షింతలు, పాయసం ఉంటే నిండుగా ఉంటుంది. పాప నిద్రవేళను తప్పించి ముహూర్తం పెట్టుకోండి.
- రెండు, మూడేళ్ళు: ఈ వయసు వాళ్ళు పక్కపక్కనే కూర్చున్నా ఎవరి ఆట వాళ్ళు ఆడుకుంటారు. కథ అక్కర్లేదు, ఒక వస్తువు చాలు. సబ్బు బుడగలు, నీళ్ళు, అట్టపెట్టెలు, రంగులు. ఒకే రకం వస్తువు అందరికీ సరిపడా ఉంటే గొడవ ఉండదు.
- నాలుగు, ఐదేళ్ళు: ఊహాలోకపు వయసు. చాప మీద కూర్చోబెట్టి ఇది పడవ అంటే పడవే. రైలు, సంత, అడవి, ఆసుపత్రి ఏదైనా చెల్లుతుంది.
- ఆరు, ఏడేళ్ళు: వీళ్ళకు కథ ఒక్కటే సరిపోదు, పని కావాలి. ఆనవాళ్ళు పట్టుకుని వెతకడం, కట్టడం, జట్టుగా గెలవడం కావాలి.

రెండో మెట్టు: ఎంతమంది, ఎంతసేపు

పిల్లవాడి వయసుకు ఒకటి కలిపితే వచ్చేంతమంది స్నేహితులు చాలన్నది చాలామంది తల్లిదండ్రులు పాటించే లెక్క. ఐదేళ్ళకు ఆరుగురు. మన ఇళ్ళలో, అపార్ట్‌మెంట్లలో ఇది కష్టమని నాకు తెలుసు. ఒకరిని పిలిచి ఒకరిని మానేస్తే మాటొస్తుంది. దానికి ఉపాయం వేడుకను రెండుగా విడదీయడం. ఉదయం ఇంటివాళ్ళది. నాయనమ్మ తలంటు, గుడి, పాయసం, పెద్దల ఆశీస్సులు అన్నీ అప్పుడే. సాయంత్రం పిల్లలది. మేడలో వాళ్ళందరికీ మర్నాడు పిల్లవాడి చేత చాక్లెట్లు పంచిస్తే సరిపోతుంది. పదిహేనుమందిని పిలవక తప్పకపోతే ప్రతి ఐదుగురికీ ఒక పెద్దమనిషి ఉండేలా పిన్నినీ, మేనమామనూ, పక్కింటి కాలేజీ అమ్మాయినీ ముందే అడిగి పెట్టుకోండి.

సమయం విషయంలో కచ్చితంగా ఉండండి. నాలుగేళ్ళలోపు గంటన్నర, ఆ పైన రెండు గంటలు. సాయంత్రం నాలుగున్నర మంచి వేళ. అప్పటికి మధ్యాహ్నపు నిద్ర తీరుతుంది, రాత్రి నిద్రకు ఇంకా టైముంటుంది. మే నెల పుట్టినరోజైతే ఎండ తగ్గాక ఐదున్నరకు మొదలుపెట్టండి. జూలై, ఆగస్టుల్లో అయితే డాబా మీద పెట్టాలనుకున్న ఆటకు హాల్లో చోటు కూడా చూసి ఉంచండి.

పిలుపులో మొదలయ్యే టైముతో పాటు ముగిసే టైము కూడా రాయండి. రైలు థీమ్ అయితే ఇలా పంపవచ్చు: "ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు మా రైలు బయల్దేరుతుంది, ఆరున్నరకు గమ్యం చేరుతుంది. మీ చిన్నారిని ఎక్కించండి. బట్టలకు రంగు అంటవచ్చు, పాతవి వేసి పంపండి. తినకూడని పదార్థాలేమైనా ఉంటే ముందే చెప్పండి." దీనికి మీ పిల్లలు గీసిన రైలు బొమ్మను ఫోటో తీసి జోడించండి. గీత వంకరగా ఉన్నా దిద్దకండి.

మూడో మెట్టు: ఒక థీమ్‌ను ఆసాంతం నడపండి

ఐదేళ్ళ వాళ్ళకు రైలు పార్టీ ఎలా చేయాలో మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. దారి మనకు తెలిసిందే, విశాఖపట్నం నుంచి సికింద్రాబాద్. దారిలో ఉన్న ఊళ్ళే ఆటలు ఇస్తాయి. ఇంట్లో ఐదు చోట్ల ఐదు స్టేషన్ల బోర్డులు పెట్టండి. పసుపు చార్టు మీద నల్లటి అక్షరాలతో ఊరి పేరు రాస్తే నిజం స్టేషన్ బోర్డులానే ఉంటుంది.

విశాఖపట్నం, 4:30. పిల్లలంతా ఒకేసారి రారు. ముందొచ్చినవాళ్ళు దిక్కులు చూస్తూ కూర్చుంటే అల్లరి అప్పుడే మొదలవుతుంది. అందుకే గుమ్మం దాటగానే చేతికి పని ఇవ్వాలి. కిరాణా కొట్లో అడిగి తెచ్చిన అట్టపెట్టెలకు పైనా కిందా కత్తిరించి, భుజాలకు వేసుకునేలా రెండు నాడాలు కట్టి ఉంచండి. ఒక్కో పెట్టె ఒక్కో బోగీ. పిల్లలు దానిమీద కిటికీలు గీసి, రంగులేసి, చక్రాలు అతికించుకుంటారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు చక్రాలు ముందే అతికించి ఉంచితే చాలు. అందరూ చేరాక టికెట్లు పంచి, పంచింగ్ మెషీన్‌తో పుట్టినరోజు పిల్లవాడి చేతే రంధ్రం వేయించండి. ఆ రోజు ఇంజను తనే, టీసీ కూడా తనే.

రైలు కదిలే ముందు స్టేషన్ ప్రకటన వినిపించాలి. ఊళ్ళో ఉన్న తాతయ్యతోనో, అమెరికాలో ఉన్న బాబాయితోనో ముందే ఫోన్లో రికార్డు చేయించి పెట్టుకోండి. దూరాన ఉన్నవాళ్ళకు వీడియో కాల్‌లో చెయ్యి ఊపడం కంటే ఈ పని ఎక్కువ తృప్తినిస్తుంది. ప్రతి స్టేషన్‌కూ ఒక్కో బంధువు గొంతు ఉంటే ఇంకా బాగుంటుంది.

రాజమండ్రి, 4:55. స్టేషన్ దాటగానే గోదావరి. రైలు వంతెన మీదికి రాగానే పెద్దవాళ్ళు దండం పెట్టి నదిలో నాణేలు వేయడం మన పిల్లలు చూసే ఉంటారు. నీలిరంగు దుప్పటి పరిచి అక్కడక్కడా పళ్ళేలు పెట్టండి. కుర్చీలు రెండు వరుసలుగా వేస్తే మధ్యలో వంతెన. పిల్లలు ఆ వరుసల మధ్య నడుస్తూ అట్టతో చేసిన పెద్ద నాణేలను పళ్ళేల్లోకి విసరాలి. ఎవరివి ఎన్ని పడ్డాయో లెక్క వద్దు, అందరివీ కలిపి లెక్కించండి. "మనం గోదారమ్మకు ఇరవై నాణేలిచ్చాం" అంటే ఇరవై దాకా లెక్క నేర్పినట్టూ అవుతుంది. ఇదే చోట 1900లో మొదలైన హేవలాక్ వంతెన 1997 వరకూ రైళ్ళను మోసిందని ఒక్క మాట చెప్పండి. "ముత్తాతగారు ఎక్కిన రైలూ దీనిమీదే వెళ్ళింది" అంటే పిల్లలకు అర్థమవుతుంది.

కొండపల్లి, 5:10. విజయవాడ దాటగానే వచ్చే ఈ ఊరు బొమ్మలకు పేరు. అక్కడి కళాకారులు తేలికైన తెల్లపొణికి చెక్కతో బొమ్మ చెక్కి, చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన ముద్దతో భాగాలను అతికి రంగులేస్తారు. ఇంట్లో ఒక్క కొండపల్లి బొమ్మ ఉన్నా ఇక్కడ పెట్టి పిల్లల చేతికివ్వండి. తర్వాత వాళ్ళే బొమ్మ చేస్తారు. రెండు కప్పుల మైదా, ఒక కప్పు మెత్తటి ఉప్పు, చపాతీ పిండిలా గట్టిగా కలపడానికి సరిపడా నీళ్ళు. ఒక ముద్దకు పసుపు, ఒక ముద్దకు బీట్‌రూట్ రసం కలిపితే రంగులు వస్తాయి. ఉప్పెక్కువ కాబట్టి తినకుండా చూడాలి. చేసిన బొమ్మలు అట్టముక్క మీద పెట్టి, పేరు రాసి పక్కన ఉంచండి. గాలికి రెండు మూడు రోజుల్లో గట్టిపడతాయి. రిటర్న్ గిఫ్ట్‌లో సగం ఇక్కడే తయారైపోయింది.

వరంగల్, 5:35. కాకతీయుల రాతి తోరణం తెలంగాణ రాజముద్రలో ఉంది. దాని బొమ్మ ఒకటి గోడకు పెట్టి, చెప్పుల పెట్టెలు, బిస్కెట్ పెట్టెలు ఇచ్చి పిల్లలందరినీ కలిసి తోరణం కట్టమనండి. నిలువు స్తంభాలు వాళ్ళు పేర్చుతారు, పైన అడ్డం పెట్టడానికి పెద్దవాళ్ళు చెయ్యి వేస్తే చాలు. కట్టాక రైలు దాని కిందుగా దూరి వెళ్తుంది. కూలిపోతే మళ్ళీ కట్టుకుంటారు. ఈ ఆట త్వరగా ముగించకండి. పార్టీ మొత్తంలో పిల్లలు ఒకరితో ఒకరు ఎక్కువ మాట్లాడుకునేది ఇక్కడే.

సికింద్రాబాద్, 5:55. గమ్యం. ఇక్కడే కేకు, తిండి. తినేటప్పుడు నాన్న తలకు తువ్వాలు చుట్టుకుని, బుట్ట పట్టుకుని "ఇడ్లీ వడా... ఇడ్లీ వడా..." అని రైల్లో అమ్మేవాళ్ళలా తిరిగితే పిల్లలు టికెట్ చూపించి పెట్టించుకుంటారు. ఆరున్నరకు ఎవరి బోగీ వాళ్ళు భుజాన వేసుకుని ఇంటికి వెళ్తారు.

ఈ రైలుకు కొన్నదేమిటి? చార్టులు, రంగులు, మైదా, తిండి. మిగతాదంతా ఇంట్లోదే. వెనక తెరకు అమ్మమ్మ పాత చీర చాలు.

మరో మూడు థీమ్‌లు

*నల్లమల అడవి (మూడు, నాలుగేళ్ళకు).* దేశంలోని పులుల అభయారణ్యాల్లో విస్తీర్ణంలో పెద్దది మన నాగార్జునసాగర్-శ్రీశైలం. ముగ్గుపిండితో గుమ్మం నుంచి ఇల్లంతా పులి అడుగులు వేయండి. అవి ఎక్కడికి పోతే పిల్లలు అక్కడికి పోతారు. ఒక చోట ఆకుల కింద దాచిన జంతువుల బొమ్మలు, ఒక చోట పులిగుహ, అంటే దుప్పటి కప్పిన బల్ల. ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు. ఆ మాట చెప్పి పేపర్ ప్లేటు మీద ఎవరి చారలు వాళ్ళను గీసుకోమంటే ఎవరి ముసుగూ తప్పు కాదు.

*సంత (నాలుగు, ఐదేళ్ళకు).* ప్రతి పిల్లకూ ఒక గుడ్డసంచి, పది కాగితపు నోట్లు. బల్లల మీద కీర, క్యారెట్, టమాటా, మరమరాలు, పుట్నాలపప్పు, నిమ్మకాయలు పెట్టి పెద్దవాళ్ళు అమ్ముతారు. బేరం ఆడొచ్చు. కొన్నవన్నీ తెచ్చి అందరూ కలిసి పెద్ద గిన్నెలో మరమరాల మిక్స్చర్ కలుపుతారు. సాయంత్రపు తిండి అదే. తమ చేత్తో కలిపిన పచ్చిక్యారెట్‌ను మారాం చెయ్యకుండా తింటారు. గుడ్డసంచే రిటర్న్ గిఫ్ట్.

*శ్రీహరికోట (ఆరు, ఏడేళ్ళకు).* చంద్రయాన్-3 అక్కడి నుంచి 2023 జూలై 14న బయల్దేరి, ఆగస్టు 23 సాయంత్రం 6:04కి చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగింది. మీ పార్టీలో కూడా 6:04కే దిగేలా పెట్టుకోండి. ఇద్దరిద్దరు జట్లుగా పేపర్ కప్పు అడుగున దూది, కాగితపు ఉండలు, మడతపెట్టిన అట్ట అతికించి ల్యాండర్ తయారుచేస్తారు. లోపల ఒక నిమ్మకాయ. కుర్చీ ఎత్తు నుంచి పెద్దవాళ్ళు వదిలినప్పుడు నిమ్మకాయ బయట పడకపోతే మెత్తగా దిగినట్టు. పడితే? మార్చి మళ్ళీ ప్రయత్నించాలి. చంద్రయాన్-2 ల్యాండర్ 2019లో దిగేటప్పుడు కూలిందని, లోపాలు సరిచేసుకుని మళ్ళీ పంపారని అప్పుడు చెబితే పిల్లలకు ఓటమి గురించి వేరే పాఠం అక్కర్లేదు.

ఎవరూ ఔట్ కాని ఆటలు

పార్టీలో ఏడుపులు చాలావరకు "నువ్వు ఔట్" అన్న మాటతో మొదలవుతాయి. కుర్చీలాటలో మొదట ఓడిన పిల్ల మిగతా ఆటంతా గోడకు ఆనుకుని చూస్తూ ఉండాలి. ఐదేళ్ళ పిల్లకు అది చాలా పెద్ద శిక్ష. ఆటను కొంచెం మార్చండి. పాట ఆగినప్పుడు కుర్చీ ఒకటి తీసేయండి కానీ పిల్లల్ని తీసేయకండి. ఉన్న కుర్చీల్లోనే అందరూ సర్దుకు కూర్చోవాలి. చివరికి ఒకే కుర్చీ చుట్టూ అందరూ ఇరుక్కుని నవ్వుతారు.

కళ్ళగంతలు, దాగుడుమూతలు, కుంటాట, తొక్కుడుబిళ్ళ ఏ థీమ్‌లోనైనా ఇమిడిపోతాయి. అడవిలో తొక్కుడుబిళ్ళ గళ్ళు వాగు దాటే రాళ్ళవుతాయి, చంద్రుడి మీద బిలాలవుతాయి. చేతిపని ఆటలు తప్ప ఒక్కో ఆటకు పదిహేను నిమిషాలు మించనివ్వకండి. ఒక ఉరుకులాట తర్వాత ఒక కూర్చునే ఆట ఉండాలి. రెండు ఆటలు అదనంగా జేబులో పెట్టుకోండి. పిల్లలు ఒక ఆటలో మునిగిపోయి ఉంటే మీ పట్టికను పక్కన పెట్టండి, వాళ్ళను లేపకండి.

తిండి

ఆడుకునే పిల్లలు తక్కువ తింటారు. నాలుగు రకాలు చాలు, అన్నీ చేత్తో పట్టుకుని తినగలిగేవి. చిన్న ఇడ్లీలు, క్యారెట్ పూరీలు, పుచ్చకాయ ముక్కలు, తాగడానికి మజ్జిగో నిమ్మరసమో. పెద్దవాళ్ళకు పులిహోర, పెరుగన్నం. థీమ్‌ను తిండిలోకి తేవడానికి కష్టపడక్కర్లేదు. ఇడ్లీలు వరుసగా పెట్టి పక్కన కీర చక్రాలు పెడితే రైలు. పాలకూర పూరీలు అడవి ఆకులు. పుల్లలు గుచ్చకండి, ఉరికే పిల్లలకు అవి ప్రమాదం.

కేకు చిన్నదైనా పిల్లల చెయ్యి పడితే దాని విలువే వేరు. ఇంట్లో చేసినా బేకరీలో సాదాది తెచ్చినా సరే, పైన పెట్టే పళ్ళముక్కలు, బిస్కెట్లు పుట్టినరోజు పిల్లల్నే పేర్చనివ్వండి. కేకును ముఖానికి పూసే అలవాటును మీ ఇంటి గుమ్మం దాటి రానివ్వకండి. చాలామంది పసివాళ్ళు ఆ క్షణంలో భయపడతారు, కళ్ళల్లో క్రీమ్ మండుతుంది. వాళ్ళ రోజున వాళ్ళ ఒంటి మీద వాళ్ళ మాటే చెల్లాలి.

జాగ్రత్తలు

ఈ భాగాన్ని దాటవేయకండి.

- రోడ్డు మీద అమ్మే గ్యాస్ బెలూన్లలో చాలావాటిలో హైడ్రోజన్ ఉంటుంది. కొవ్వొత్తి మంట తగిలితే భగ్గుమంటుంది. ఇంట్లోకి తేకండి.
- స్నో స్ప్రేకు మంట అంటుకుంటుంది. కేకు దగ్గర అసలు వద్దు. చిచ్చుబుడ్డిలా నిప్పురవ్వలు చిమ్మే కొవ్వొత్తులూ వద్దు.
- ఊదని బెలూన్లు, పగిలిన ముక్కలు గొంతులో అతుక్కుంటే ఊపిరాడదు. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు ఈ ప్రమాదం ఉంది. పగిలిన వెంటనే ఏరేయండి.
- ఐదేళ్ళలోపు వాళ్ళకు పల్లీలు, పాప్‌కార్న్, గట్టి చాక్లెట్ బిళ్ళలు పెట్టకండి. ద్రాక్షపళ్ళను నిలువుగా చీల్చి ఇవ్వండి.
- డాబా మీదైతే పిట్టగోడ ఎత్తు, మెట్ల తలుపు, నీళ్ళ డ్రమ్ము మూత చూసుకోండి. ఒక పెద్దమనిషి కాపలా పనిలోనే ఉండాలి, ఫోటోల పనిలో కాదు.
- దేశమంతటా 2022 జూలై 1 నుంచి థర్మకోల్ అలంకరణ, బెలూన్ల ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు నిషేధంలో ఉన్నాయి. విస్తరాకులు, స్టీలు గ్లాసులు వాడితే మర్నాడు ఊడ్చే పనీ తగ్గుతుంది.

ఆ రోజు పిల్లల మనసు

ఎంత బాగా ఏర్పాటు చేసినా పుట్టినరోజు పిల్లలే ఏదో ఒక క్షణంలో ఏడుస్తారు. ఇంత సందడి, ఇన్ని కళ్ళు, తన బొమ్మల మీద ఇన్ని చేతులు వాళ్ళకు తట్టుకోలేనంత అవుతాయి. బెదిరించకండి, అందరి ముందూ బుజ్జగించనూ వద్దు. లోపలి గదిలోకి తీసుకెళ్ళి ఐదు నిమిషాలు ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. తనకు అతి ఇష్టమైన రెండు బొమ్మల్ని ముందురోజే తనతోనే బీరువాలో పెట్టించండి. మిగతావి పంచుకోవడం అప్పుడు సులువవుతుంది.

బహుమతులు అందరి ముందు విప్పించకండి. ఎవరిది ఖరీదో, ఎవరిది కాదో పిల్లల కంటే ముందు పెద్దలు లెక్కలేస్తారు. అందరూ వెళ్ళాక విప్పి, ప్రతి ఒక్కరికీ పిల్లల గొంతుతో ఒక "థాంక్యూ" పంపండి. ఫోటోలకు పది నిమిషాలు కేటాయించి ఆ పని ఒక్కరికే అప్పగించండి. మిగతా సమయం అమ్మానాన్నల చేతుల్లో ఫోన్ ఉండకూడదు. ఆ రోజు పిల్లలకు కావలసింది తమతో కలిసి రైలెక్కే అమ్మానాన్నలు.

పక్కింటివాళ్ళు హాలు తీసుకుని ఘనంగా చేశారన్న బెంగ మీకుంటే, దాన్ని పిల్లల దాకా పోనివ్వకండి. ముందుగా ఒక మొత్తం నిర్ణయించుకోండి. తిండికి కొంత, చేతిపని సామానుకు కొంత, రిటర్న్ గిఫ్ట్‌కు కొంత తీశాక మిగిలిందే అలంకరణకు. గిఫ్ట్ కూడా థీమ్‌లోంచే రానివ్వండి. అంకుడు కర్రతో చేసి లక్క రంగులేసిన ఏటికొప్పాక బొంగరం ఒకటి, లేదంటే చిన్న కుండీ, పొట్లంలో మెంతులు. మెంతులు నాలుగైదు రోజుల్లో మొలకెత్తుతాయి, అప్పటిదాకా మీ పండుగ వాళ్ళింట్లో నడుస్తూనే ఉంటుంది.

మూడు వారాల పట్టిక

- మూడు వారాల ముందు: ఆట గమనించండి, థీమ్ ఖాయం చేయండి, ఎవరెవరిని పిలవాలో పిల్లల్నే అడిగి పేర్లు రాయండి.
- రెండు వారాల ముందు: పిలుపు పంపండి. అట్టపెట్టెలు, పాత చీరలు, సీసా మూతలు పోగుచేయండి. ప్రకటనలు రికార్డు చేయమని బంధువులకు చెప్పండి.
- వారం ముందు: రోజుకు ఒక్కటి చొప్పున పిల్లలతో కలిసి తయారుచేయండి. ఒకరోజు బోర్డులు, ఒకరోజు టికెట్లు, ఒకరోజు నాణేలు.
- ముందురోజు: ఆటలు ఒకసారి ఆడి చూడండి. ఎవరికి ఏ పనో కాగితం మీద రాసి వంటింటి తలుపుకు అతికించండి.
- ఆ రోజు: మధ్యాహ్నం పిల్లలు పడుకోవాలి. మీరూ అరగంట నడుం వాల్చండి.

ఈ వారం మీరు చేయాల్సింది

ఒక కాగితాన్ని మూడు గళ్ళుగా విడదీయండి. మొదటి గడిలో మీ పిల్లలు ఈ మూడు రోజుల్లో ఆడిన ఆటలు రాయండి. రెండో గడిలో ఆ ఆటకు ఇంట్లో ఉన్న సామాను రాయండి. మూడో గడి ఖాళీగా ఉంచి పిల్లల దగ్గరికి తీసుకెళ్ళండి. "నీ పుట్టినరోజుకు నీ స్నేహితులు మనింటికొస్తే వాళ్ళతో ఏం చేయిస్తావు?" అని అడిగి, చెప్పింది చెప్పినట్టు అందులో రాయండి. సాధ్యం కానివి చాలా చెబుతారు. వాటిలో ఒక్కటి సాధ్యమైనా దాన్ని తప్పక చేయండి. తాము అన్న మాట ఇంట్లో నిజమవడం చూసిన పిల్లలు, రేపు ఇంకా పెద్ద ఊహతో మీ దగ్గరికి వస్తారు.